గంగకు పోయిన గ్యాసుకారు

రుద్రూర్ దాటాక కాలువ గట్టు వెంట, కోస్తా నుంచి వచ్చిన రైతులు స్థిరపడ్డ క్యాంపులో జగన్మోహనరావుకు ఒక కారుండేది. పైకి చూస్తే అంబాసిడర్. బానెట్ ఎత్తితే మాత్రం లోపల ఎవరో తుక్కు కింద వదిలించుకున్న డీజిల్ వ్యాను ఇంజను కనపడేది. ఒళ్ళు నిజామాబాద్ వేలంలోనూ, గుండె బోధన్ పాత ఇనుము దుకాణంలోనూ దొరికాయి. రెండింటినీ కలిపి నడిచేలా చేసినవాడు బోధన్ బస్టాండు వెనక షెడ్డు మెకానిక్ రాజనర్సు. హైబ్రిడ్ జొన్న చల్లీ చల్లీ ఆ మాట నోటికి అలవాటైన చుట్టుపక్కల రైతులు దాన్ని "హైబ్రిడ్ కారు" అన్నారు. వాళ్ళు వెక్కిరింపుగా అన్నదాన్ని జగన్మోహనరావు మెచ్చుకోలుగా తీసుకున్నాడు. ఆయన చాలా మాటలను అలాగే తీసుకునేవాడు.

తీసుకోలేకపోయిన మాట ఒకటి బోధన్ పెట్రోలు బంకులో ఎదురైంది. గల్ఫులో గొడవలు మొదలై డీజిలు దొరకడం కష్టమైన రోజులవి. చెరుకు ట్రాక్టర్ల వరసలో, ఎండలో, ఆయన కారు ఎంతకీ కదలక నిలబడి ఉంది. అప్పుడు తెల్లటి కొత్త మారుతి ఒకటి నేరుగా లోపలికి వచ్చింది. బంకు కుర్రాడు పరుగున వెళ్ళి పోసి పంపించాడు. అది పెట్రోలు బండి, పెట్రోలు వైపు అసలు వరసే లేదు. ఆ సంగతి జగన్మోహనరావుకు తట్టలేదు. ఎందుకంటే మారుతిలో ఉన్నది ఆయన తోడల్లుడు వెంకటసుబ్బారావు.

వెంకటసుబ్బారావు అద్దం దించి, "ఏం తమ్ముడూ, ఇంకా నిలబడే ఉన్నావా? ఆ బండికి డీజిలెందుకయ్యా, కాస్త పేడ పోసి తోలు, పోతుంది" అన్నాడు.

ట్రాక్టర్ల మీది డ్రైవర్లు నవ్వారు. జగన్మోహనరావు డీజిలు పోయించుకోకుండానే బండి వెనక్కి తిప్పాడు. ఈ జన్మలో మళ్ళీ ఈ బంకు గడప తొక్కనని దారిలో రాజనర్సు షెడ్డు ముందు ఆగి మరీ చెప్పాడు.

"మంచిగ చెప్పినవ్ సారూ" అన్నాడు రాజనర్సు. ఎవరు ఏది చెప్పినా అతను అలాగే అనేవాడు.

ఇంటికి వచ్చేసరికి ఇందిరాదేవి పెరటి వంటింట్లో పాలు కాస్తోంది. గొడ్ల చావడి పక్కన గోబర్ గ్యాస్ తొట్టి మీద ఇనుప డ్రమ్ము నిండుగా పైకి లేచి ఉంది. సబ్సిడీలో పెట్టించుకున్న ఆ ప్లాంటు వచ్చాకే ఆమెకు పొగ బాధా, దగ్గూ తగ్గాయి. జగన్మోహనరావు ఆ డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇందిరా, ఈ గ్యాసు రోజూ అంతా అయిపోతుందా?"

"మిగిలితే వేణ్ణీళ్ళు పెడతాను. ఎందుకండీ?"

"ఊరికే."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన "ఊరికే" అన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి విరిగేది. ఇందిరాదేవి పాలగిన్నె దించి ఆయన వంక అనుమానంగా చూసింది.

మర్నాడే రాజనర్సును పిలిపించాడు.

"కారు గ్యాసు మీద నడుస్తుందా?"

"నడుస్తది సారూ."

"పూర్తిగా?"

"పూరా. జర డీజిల్ తగలాలె. కూరల పోపు లెక్క. కూర మొత్తం గ్యాసే."

పోపు పాటి డీజిలు ట్రాక్టరు కోసం ఇంట్లో పెట్టుకున్న పీపాలో ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి శపథానికి భంగం లేదు. నిజామాబాద్‌లో డేరాలు కుట్టేవాడి చేత రబ్బరు పూత వేసిన కాన్వాసుతో పెద్ద సంచి కుట్టించారు. దాన్ని కారు పైన క్యారియరుకు కట్టి, అక్కడి నుంచి ఒక గొట్టం బానెట్ లోపలికి దించారు. గ్యాసు నింపాక చూస్తే, ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె ఒకటి కారెక్కి పడుకున్నట్టు ఉంది. జగన్మోహనరావు పసుపూ కుంకుమా పెట్టించి, కొబ్బరికాయ కొట్టి, వర్ని వైపు బయల్దేరాడు.

కారు నడిచింది. నిజంగానే నడిచింది. కోడిగుడ్డు కుళ్ళిన వాసన ఒకటి వెంట వచ్చిందిగాని నడిచింది. వర్ని చేరేలోపే సంచి చప్పబడి గాలికి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అయినా బండి ఆగలేదు. గ్యాసు తగ్గితే ఆ మేరకు డీజిలు దానంతటదే ఎక్కువ పడేలా రాజనర్సు అమర్చి పెట్టాడు. ఆ సంగతి జగన్మోహనరావు అడగలేదు, అతను చెప్పలేదు. సగం దారి డీజిలు మీద వచ్చిన మనిషి వర్ని సెంటర్లో దిగి, చుక్క డీజిలు లేకుండా వచ్చానని టీ కొట్టు దగ్గర చెప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో గ్యాసు ముందు కారుకు, తర్వాత పొయ్యికి అయింది. పొయ్యి వంతు ఎప్పుడూ రాలేదు. ఇందిరాదేవి మళ్ళీ కంది కట్టె దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ ఊదింది. దగ్గు తిరిగి వచ్చింది.

"మీ కారు తిన్నాక ఏమైనా మిగిలితే నాకు పెట్టండి" అంది ఒక రోజు.

"ఇంకాస్త పేడ పడితే ఇద్దరికీ సరిపోతుంది" అన్నాడాయన. ఆ పేడ కోసమే ఆయన సాయవ్వ జోలికి వెళ్ళాడు.

సాయవ్వ పక్క ఊరి ముసలమ్మ. ఎవరూ లేని మనిషి. పొద్దున పశువులు మేతకు పోయే దారిలో గంప పట్టుకుని వెనక నడిచి, పేడ ఎత్తి, పిడకలు చేసి బోధన్ తీసుకెళ్ళి అమ్ముకునేది. ఆమెతోపాటు ఈరవ్వ, భూమవ్వ అని మరో ఇద్దరు. ఒక ఉదయం జగన్మోహనరావు స్వయంగా గట్టు మీదికి వెళ్ళి ఆమె గంపకు అడ్డం నిలబడ్డాడు.

"సాయవ్వా, పశువులు నావి. కాబట్టి పేడా నాదే."

"పశువు నీ దొడ్లె ఏస్తె నీది రావుసాబ్. బాట మీద ఏస్తె ఎవ్వలు ముందుగాల ఎత్తుకుంటె ఆళ్ళది. మా అత్త కాలంకెల్లి గదే కానూన్."

"డబ్బులిస్తానంటే?"

"పైసలు పిడకలకు గూడ వస్తయి. నాకు బస్సు లేదు. పిడకల గంప జూసి కండక్టరు ఎక్కనిస్తలేడు. నీ కార్ల నన్నూ, నా గంపనూ బోధన్ల దింపు. గీ వానకాలం గంగ పుష్కరాలకు కందకుర్తి తోల్కపో. ఒప్పుకుంటె పెండ నీదే. మా ముగ్గురిదీ."

ఆ ప్రాంతంలో గోదావరిని గంగ అనే అంటారు. జగన్మోహనరావు లెక్క వేసుకున్నాడు. వారం వారం అంగడి రోజున ఎలాగూ బోధన్ వెళ్తాడు. ముగ్గురు మనుషుల పేడ ఊరికే వస్తోంది. తను గెలిచాననే అనుకుని ఒప్పుకున్నాడు.

ఇక అంగడి రోజు వచ్చిందంటే బోధన్ జనం ఒక వింత చూసేవారు. పైన పేడ గ్యాసు సంచి, డిక్కీలో పిడకల గంపలు, వెనక సీటులో ముగ్గురు అవ్వలు, ముందు ఇస్త్రీ పంచె కట్టుకున్న జగన్మోహనరావు. శక్కర్‌నగర్ మలుపు దగ్గర్నుంచి అవ్వలు "ఆపు ఆపు" అన్నచోటల్లా ఆగి గంపలు దించేవాడు.

పిడకలు చేసుకోగా మిగిలిన పేడే అవ్వలు తెచ్చి పోస్తున్నారని ఇందిరాదేవి కనిపెట్టింది. ఒక సాయంత్రం భర్తకు మజ్జిగ ఇస్తూ మెల్లగా అడిగింది.

"వాళ్ళు పేడ ఇస్తున్నారు. ఆ పేడతో వచ్చిన గ్యాసు వాళ్ళను బోధన్ తీసుకెళ్ళి తీసుకురావడానికి అయిపోతోంది. మరి మనకేం మిగులుతోందండీ?"

జగన్మోహనరావు మజ్జిగ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "ప్రయోగ దశలో అలాగే ఉంటుంది" అన్నాడు.

ఈలోగా నిజామాబాద్ విలేకరి ఒకడు ఫోటో తీసుకుని వెళ్ళి పత్రికలో వేశాడు. అది ఎక్కడెక్కడో తిరిగి, ఇంధనాల పని చూసే ఒక పెద్ద అధికారి కంట పడింది. ఆయన హైదరాబాద్ నుంచి స్వయంగా వచ్చి కారు పరిశీలిస్తానని కబురు పంపాడు. సరిగ్గా పుష్కరాల్లోనే వస్తానన్నాడు. పరిశీలన కోసం కారు రుద్రూర్ నుంచి కందకుర్తి దాకా నడవాలనీ, అక్కడ జనం ముందు సభ పెట్టాలనీ, సభకు ముందు తనకు స్నానానికి వీలుగా ఉండాలనీ చెప్పి పంపాడు.

జగన్మోహనరావు ఛాతీ సంచితో సమానంగా ఉబ్బింది. అధికారికి తన ఇంట్లోనే ఫలహారం అన్నాడు. ఫలహారమంటే గారెలు, పులిహోర, బొబ్బట్లు.

"కట్టెల పొయ్యి మీద వండితే ఆయన చూసి ఏమనుకుంటాడు? గ్యాసు మీదే వండు. అదీ పరిశీలనలో భాగమే" అని ఆయనే చెప్పాడు.

ఇందిరాదేవి చెప్పినట్టే చేసింది. చాలా రోజుల తర్వాత నీలి మంట ముందు కూర్చుంది కాబట్టి తొందరపడకుండా, ఇష్టంగా, బూరెలు కూడా కలిపి చేసింది. ఆమె ఆఖరి వాయ దించేసరికి ఇనుప డ్రమ్ము తొట్టి అడుగుకు దిగిపోయింది. జగన్మోహనరావు సంచి నింపడానికి వస్తే గొట్టంలో నుంచి ఉస్సురుమన్న చప్పుడు కూడా రాలేదు.

"రాజనర్సూ! ఇప్పుడెట్లా?" అన్నాడు.

"అయితది సారూ" అన్నాడు రాజనర్సు. ఎలా అవుతుందో అతను మాట అన్న తర్వాతే ఆలోచించేవాడు. చావట్లో వడ్లు తూర్పారబట్టే పెద్ద ఫ్యాను కనపడింది. సంచి మూతి విప్పి ఫ్యానుకు పట్టారు. సంచి ఎన్నడూ లేనంత నున్నగా, గుండ్రంగా ఉబ్బింది. అది దారిలో చప్పబడకుండా ఇంజను దగ్గరి కుళాయిని రాజనర్సు కట్టేశాడు. డీజిలు పీపా వంచి చివరి చుక్కదాకా కారులో పోశారు. వరినాట్ల కోసం ట్రాక్టరు అంతకుముందే తాగేసింది కాబట్టి అక్కడా పెద్దగా లేదు.

అధికారి జీపు దిగి, బొబ్బట్లు తిని, కారు దగ్గరికి వచ్చేసరికి వెనక సీటు నిండా అవ్వలు కూర్చుని ఉన్నారు. కొత్త చీరలు కట్టుకుని, ఒళ్ళో మూటలు పెట్టుకుని తయారుగా ఉన్నారు.

"సాయవ్వా, రేపు తీసుకెళ్తాను. ఇవాళ దిగండి. పెద్దవాళ్ళు వచ్చారు" అన్నాడు జగన్మోహనరావు రహస్యంగా.

"మేము గూడ పెద్దోళ్ళమే. గంగల మునిగేదాక దిగం" అంది సాయవ్వ పైకే.

"వీళ్ళెవరు?" అన్నాడు అధికారి.

జగన్మోహనరావు ఒక్క క్షణం తడుముకుని, "ఇంధనం సరఫరా చేసేవారు సార్" అన్నాడు.

అధికారి ముఖం వికసించింది. "గ్రామీణ మహిళల భాగస్వామ్యం! చాలా బాగుంది. ఉండనివ్వండి." ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. ఇందిరాదేవి అవ్వల పక్కన సర్దుకుంది. వెనకాల మారుతిలో వెంకటసుబ్బారావు, అతని పక్కన రాజనర్సు బయల్దేరారు. తమ్ముడి కారు ఎక్కడ ఆగుతుందో దగ్గరుండి చూడాలని వెంకటసుబ్బారావు పనులన్నీ మానుకుని వచ్చాడు.

ఆ రోజు హైబ్రిడ్ కారు నడిచినట్టు ఎన్నడూ నడవలేదు. దగ్గు లేదు, కుదుపు లేదు. అధికారి గాలి పీల్చి చూసి, "వాసన అసలు లేదే!" అని ఆశ్చర్యపోయాడు.

"శుద్ధి చేశాం సార్" అన్నాడు జగన్మోహనరావు. ఆయన కళ్ళు డీజిలు ముల్లు మీదే ఉన్నాయి.

బోధన్ వచ్చింది. బంకు వచ్చింది. ముల్లు అడుగుకు ఆనింది. ఇవాళ బంకులో ఒక్క ట్రాక్టరూ లేదు, డీజిలు పోసేవాడు ఖాళీగా కూర్చుని ఇటే చూస్తున్నాడు. కానీ గ్యాసు కారు, అందులోనూ అధికారిని కూర్చోబెట్టుకుని, బంకులోకి ఎలా తిరుగుతుంది? జగన్మోహనరావు అటు చూడకుండా స్టీరింగు తిన్నగా పట్టుకున్నాడు. బంకు వెనక్కి వెళ్ళిపోయింది. ఆయనకు శపథం గుర్తు కూడా రాలేదు.

రెంజల్ దాటాక కారు రెండు సార్లు ఎక్కిళ్ళు పెట్టి, మొక్కజొన్న చేల మధ్య ఆగిపోయింది. నెత్తి మీద సంచి మాత్రం చెక్కుచెదరకుండా గుండ్రంగా ఉంది.

అధికారి దిగి పైకి చూశాడు. "గ్యాసు నిండుగా ఉందే! ఎందుకు ఆగింది?"

"గొట్టంలో ఏదో అడ్డం పడి ఉంటుంది సార్" అన్నాడు జగన్మోహనరావు.

"అయితే చూద్దాం." అధికారి గొట్టం తానే ఊడదీసి, జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అది మామూలు గ్యాసే అయితే అందరూ అక్కడే దహనమైపోవాల్సింది. ఇందిరాదేవి "అయ్యో" అని అవ్వలను వెనక్కి లాగింది. పుల్ల గీసి గొట్టం దగ్గర పెట్టగానే బుస్సుమని గాలి వచ్చి పుల్లను ఆర్పేసింది. ఇంకొకటి గీశాడు. అదీ ఆరిపోయింది.

జగన్మోహనరావు కళ్ళు మూసుకున్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాడు. వెంకటసుబ్బారావు మారుతి దిగి, నవ్వడానికి సిద్ధంగా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

అధికారి ఆరిన పుల్లను తదేకంగా చూసి, "అద్భుతం!" అన్నాడు. "ఎన్నో దేశాలు దీనికోసమే తంటాలు పడుతున్నాయి. నిప్పు తగిలినా అంటుకోని గ్యాసు! ఇంత భద్రత నేనెక్కడా చూడలేదు."

సాయవ్వే అడిగింది.

"అంటుకోకపోతె దాని మీద అన్నమెట్ల వండుతరు సారూ?"

"వంట మా విభాగం కాదమ్మా" అన్నాడు అధికారి. "అది వేరేవాళ్ళు చూస్తారు."

స్నానానికి ఆలస్యమవుతోందని ఆయన గడియారం చూసుకున్నాడు. ఎడ్లబండివాడి దగ్గర మోకు అడిగి తెచ్చి, అంబాసిడర్‌ను మారుతి వెనక కట్టారు. అధికారి వెళ్ళి మారుతి ముందు సీట్లో, చల్లగా కూర్చున్నాడు. ఊరేగింపు కందకుర్తిలో ప్రవేశించింది. ముందు తెల్ల మారుతి, వెనక మోకు, ఆ వెనక నెత్తిన కొండంత సంచితో అంబాసిడర్.

గంగ ఒడ్డున జనం దారి ఇచ్చారు. మరాఠీలో కొందరు, తెలుగులో కొందరు, ఇది ఎలా నడుస్తుందో ఒకరికొకరు చెప్పుకున్నారు.

"ఎన్కది గ్యాసు బండి. గా తాడు లోపలికెల్లి గ్యాసు ముందు బండికి పోతది. సూడు, ముందుదే ఉరుకుతున్నది!"

అధికారి స్నానం చేసి, తల తుడుచుకుని వేదిక ఎక్కేసరికి ఈ మాటే ఆయన చెవిలోనూ పడింది. కారు ఆగిన సంగతి చెప్పడం కన్నా ఇది చెప్పడం ఆయనకూ సులువుగా తోచింది. తను కందకుర్తిలో దిగింది కూడా ముందు బండిలోనుంచే. దండ తీసుకుని, "ఈ మహత్తర ప్రయోగం చేసిన రైతుబిడ్డ వెంకటసుబ్బారావుగారు" అంటూ ఆయన మెడలో వేశాడు.

వెంకటసుబ్బారావు "నేను కాదండీ" అనబోయాడు. నిజంగానే అనబోయాడు. అప్పటికే జనం చప్పట్లు కొడుతున్నారు, విలేకరి ఫోటో తీస్తున్నాడు. చప్పట్లు ఆగాక చెబుదామనుకున్నాడు. ఆగాక చెప్పబుద్ధి కాలేదు.

జగన్మోహనరావు వేదిక దాకా రాలేదు. మెట్ల దగ్గర పంచె పైకి దోపుకుని నీళ్ళ అంచున నిలబడి ఉన్నాడు. గోదావరీ, మంజీరా రెండూ ఎర్రగా, నిండుగా వచ్చి కలుస్తున్నాయి. సాయవ్వ మూడు మునకలు వేసి లేచి, ఆయనను చూసి దోసిట్లో నీళ్ళు తెచ్చి నెత్తిన పోసింది.

"నేను గంగను సూస్తననుకోలే. తోల్కొస్తివి. నా పుణ్యంల సగం నీదే రావుసాబ్" అంది.

ఆయన ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. ఇందిరాదేవి పక్కకు వచ్చి నిలబడింది.

"ఏడుస్తున్నారా?"

"నీళ్ళు."

కాసేపు ఇద్దరూ వేదిక మీది మైకు వింటూ నిలబడ్డారు. మైకులో మండని గ్యాసు గురించి చెబుతున్నారు.

"ఇంటికి వెళ్ళాక గ్యాసు నాకు వదిలేస్తారా?" అందామె.

"తీసుకో" అన్నాడు జగన్మోహనరావు.

రాజనర్సు రెంజల్ వెళ్ళి డబ్బాలో డీజిలు తెచ్చాడు. చీకటి పడకముందే అందరూ ఇల్లు చేరారు. సంచి విప్పి మడిచి అటక ఎక్కించారు. ఇందిరాదేవి దగ్గు శీతాకాలానికి తగ్గింది. అవ్వల సవారీ మాత్రం ఆగలేదు. గ్యాసు మానేశాను కదా అని జగన్మోహనరావు ఒకసారి అనబోతే, గ్యాసు మానింది నువ్వు, బోధన్ పోవుడు మేము మానలేదని సాయవ్వ తేల్చేసింది.

వెంకటసుబ్బారావుకు తీరిక లేకుండా పోయింది. ఎవరెవరో జీపుల్లో వచ్చి కారు చూపించమనేవారు. ఆయన మారుతి బానెట్ ఎత్తి చూపించేవాడు. లోపల ఏమీ కనపడకపోతే, అదే దీని గొప్పతనం అని వాళ్ళే అనుకుని వెళ్ళేవారు. ఒకసారి ఢిల్లీ పిలిపించి శాలువా కప్పారు. తిరిగి వచ్చేసరికి ఆయన మాటల్లో తను పడ్డ కష్టాలు, ఎన్నో రాత్రుల ఆలోచనలు వచ్చి చేరాయి. పక్కన కూర్చుని వింటే ఎవరికైనా జాలేసేది.

మరుసటి వేసవిలో వర్నిలో ఒక పెళ్ళికి తోడల్లుళ్ళిద్దరూ ఒకే బంతిలో కూర్చున్నారు. వెంకటసుబ్బారావు చుట్టూ ఉన్నవాళ్ళకు సంచి ఎలా కుట్టించాలో, ఏ పేడ శ్రేష్ఠమో చెబుతున్నాడు. చెప్పి చెప్పి, పక్కకు తిరిగి జగన్మోహనరావు భుజం తట్టాడు.

"తమ్ముడూ, నీ దగ్గర పశువులున్నాయి, పాత బండీ ఉంది. నువ్వూ ఒకటి చేయించుకోకూడదూ? కావలిస్తే నేను దగ్గరుండి చూస్తాను."

వడ్డిస్తున్న ఇందిరాదేవి చేతిలో గరిటె ఆగిపోయింది. జగన్మోహనరావు ముద్ద కలుపుతూ, "ఆలోచిస్తానన్నయ్యా" అన్నాడు ఎంతో వినయంగా. ఇందిరాదేవి పప్పుచారు బకెట్టు అక్కడే పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పందిరి బయటికి పరిగెత్తింది.